నోరు విప్పే ఉద్యోగికి నీడ ఏది?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ప్రభుత్వ సర్వర్లలో పోగుపడిన పౌరుల సమాచారం విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. ఏ ఫైలు ఎవరి చేతికి చేరిందో, ఒకే పాస్‌వర్డు ఎంతమంది దగ్గర తిరుగుతోందో, ఎవరి ఫోను ఎవరి ఆదేశంతో వింటున్నారో బయటివారికి తెలిసే దారి లేదు. డబ్బు పోతే బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది. డేటా పోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, నకలు మాత్రం మరెక్కడికో వెళ్లిపోతుంది. ఆ సంగతి తెలిసేది ఆ గదిలో కూర్చుని పనిచేసే ఉద్యోగికే. అతడు నోరు విప్పితే కాపాడటానికి పార్లమెంటు 2014లోనే ప్రజావేగుల రక్షణ చట్టం చేసింది. ఆ ఏడాది మే 9న రాష్ట్రపతి ఆమోదమూ లభించింది. దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం నేటికీ వెలువడలేదు. పదేళ్లు దాటినా ఒక చట్టాన్ని ప్రభుత్వాలు అటకమీదే ఉంచాయంటే, దాన్ని మరపు అనుకోలేం. చెప్పేవాడు అక్కర్లేదన్న వైఖరి అది.

ఈ చట్టం వెనుక ఒక హత్య ఉంది. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఇంజినీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాలను వివరిస్తూ ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు గోప్యంగా ఉంచాలని అందులోనే వేడుకున్నారు. లేఖ మాత్రం ఆయన పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో ఆయనను కాల్చి చంపారు. దేశమంతా కదిలింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం చేసి, ఫిర్యాదులు స్వీకరించే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. మరుసటి ఏడాదే కల్తీ పెట్రోలును అడ్డుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్ ఉత్తరప్రదేశ్‌లో హతమయ్యారు. తీర్మానం చాలదని, చట్టం కావాలని అప్పుడే తేలిపోయింది. ఆ చట్టం రావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. వచ్చాక కదలనే లేదు.

దీనివల్ల తెలుగు రాష్ట్రాలకు కలిగే నష్టం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2004 నాటి తీర్మానం కేంద్ర ప్రభుత్వ శాఖలకు, కేంద్ర సంస్థలకే వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ వ్యవహారాలపై ఫిర్యాదు చేసేవారికి ఆ పాటి గొడుగు కూడా లేదు. రేషన్ కార్డు, పింఛను, భూమి రికార్డు, ఆరోగ్య వివరాలు, ఇంటింటి సర్వేలు... సామాన్యుడి జీవితాన్ని అడుగడుగునా నమోదు చేసేది రాష్ట్ర యంత్రాంగమే. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపించాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. మరుసటి ఏడాది అదే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్, కుల, మత వివరాలు బయటపడ్డాయి. రెండుసార్లూ కనిపెట్టింది బయటి పరిశోధకులే. లోపల ఉన్నవారికి తెలియలేదని నమ్మాలా? తెలిసినా చెప్పే తోవ లేదని అర్థం చేసుకోవాలా?

2019 ఎన్నికల ముందు ఐటీ గ్రిడ్స్ సంస్థపై సైబరాబాద్ పోలీసులు పెట్టిన కేసులో ఓటర్ల వ్యక్తిగత సమాచారం ఒక రాజకీయ పార్టీ యాప్‌కు చేరిందన్నది ఆరోపణ. ఆ పార్టీ దాన్ని ఖండించింది. 2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో నమోదైన కేసులో తెలంగాణ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో కేంద్రంగా ఫోన్ల ట్యాపింగ్ జరిగిందని, ప్రభుత్వం మారిన వేళ హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానాలు. ఈ రెండు వివాదాల్లోనూ పార్టీలు వేరు, ప్రభుత్వాలు వేరు. అయినా ఒక పోలిక ఉంది. ఒకటి ఎన్నికల వేడిలో, రెండోది అధికారం చేతులు మారాక బయటికొచ్చింది. పౌరుడి గోప్యత ఎన్నికల ఫలితాల మీద ఆధారపడి బతకాలా? అధికారంలో ఉన్నవారు అధికారంలో ఉండగానే తప్పు బయటపడాలంటే, అదే కార్యాలయంలోని చిన్న ఉద్యోగి భయం లేకుండా చెప్పగలగాలి.

ఆగిపోయిన చట్టాన్ని రేపే అమలు చేసినా సమస్య సగమే తీరుతుంది. అందులో మూడు రకాల తప్పులపైనే ఫిర్యాదు చేయవచ్చు. ఒకటి, అవినీతి నిరోధక చట్టం కిందికి వచ్చే నేరం. రెండు, ప్రభుత్వానికి నష్టం లేదా ఎవరికైనా అక్రమ లాభం కలిగించే అధికార దుర్వినియోగం, అదీ రుజువు చూపగలిగినది. మూడు, ప్రభుత్వ సేవకుడు చేసిన క్రిమినల్ నేరం. ఖజానాకు పైసా నష్టం లేకుండా, ఎవరూ లంచం తీసుకోకుండా, లక్షలమంది ఆరోగ్య వివరాలను నిర్లక్ష్యంగా మరో శాఖకో, ప్రైవేటు సంస్థకో పంపేస్తే అది ఈ మూడింటిలో దేనికిందికి వస్తుంది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానాలే తప్ప జైలుశిక్ష లేదు. కనుక దాని ఉల్లంఘనను ‘క్రిమినల్ నేరం’ అనీ చూపలేం. ప్రభుత్వానికి కలిగే నష్టాన్ని లెక్కగట్టిన చట్టం పౌరుడికి కలిగే నష్టాన్ని లెక్కలోకే తీసుకోలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. 2014 నాటి నిర్వచనం ఆ తీర్పుకు ముందు కాలంలోనే ఆగిపోయింది.

ఇటు రక్షణ లేదు, అటు శిక్షలకు మాత్రం కొదవ లేదు. ఆధార్ కేంద్ర నిల్వలోకి అనుమతి లేకుండా ప్రవేశించినవారికి 2019 సవరణ తర్వాత పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. లోపాన్ని చూపడానికే ప్రవేశించినవారికి అందులో మినహాయింపు లేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ నెత్తిన వేలాడుతోంది. 2018 జనవరిలో ట్రిబ్యూన్ పత్రిక విలేకరి 500 రూపాయలకే ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని రాస్తే, ఆధార్ ప్రాధికార సంస్థ పెట్టిన ఫిర్యాదులో ఆ విలేకరి పేరే చేరింది. ఒక పెద్ద పత్రిక అండ ఉన్న విలేకరికే ఈ గతి పడితే, జిల్లా కార్యాలయంలో ఒప్పంద పద్ధతిపై పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్ ఏ ధైర్యంతో నోరు విప్పుతాడు?

కొత్త డేటా చట్టం ఈ లోటు తీరుస్తుందనుకుంటే పొరపాటే. డేటా రక్షణ బోర్డుకు ఫిర్యాదు చేయగలిగేది ఎవరి సమాచారమైతే దుర్వినియోగమైందో వారే. తన సమాచారం పోయిందన్న సంగతే తెలియని పౌరుడు ఏమని ఫిర్యాదు చేస్తాడు? తెలిసిన ఉద్యోగికేమో ఆ తలుపు తెరుచుకోదు. సదుద్దేశంతో చేసిన పనులకు కేంద్రంపైనా, బోర్డు సభ్యులపైనా, ఉద్యోగులపైనా దావాలు చెల్లవని 35వ సెక్షన్ భరోసా ఇచ్చింది. సదుద్దేశంతో తప్పును బయటపెట్టినవారికి అలాంటి భరోసా ఒక్క వాక్యం కూడా లేదు. దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలను చట్టం పరిధి నుంచే తప్పించే అధికారాన్ని 17వ సెక్షన్ కింద కేంద్రం అట్టిపెట్టుకుంది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను సవరించి, వ్యక్తిగత సమాచారం అనగానే నిరాకరించే వీలు కల్పించింది. 2025 నవంబర్‌లో ఈ సవరణ వెంటనే అమల్లోకి వచ్చింది. పౌరుల డేటా కాపాడాల్సిన ప్రధాన బాధ్యతలకు మాత్రం పద్దెనిమిది నెలల గడువు దొరికింది. ప్రజాప్రయోజనం ఉంటే 8(2) కింద సమాచారం ఇవ్వవచ్చని ప్రభుత్వం అంటోంది. ఇవ్వవచ్చునన్నది అధికారి విచక్షణ. ఆ విచక్షణ ఎటు మొగ్గుతుందో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టిన ప్రతివారికీ తెలుసు.

డిజిటల్ సార్వభౌమత్వం గురించి పాలకులు తరచూ మాట్లాడుతున్నారు. మన డేటా మన గడ్డపైనే ఉండాలన్నది మంచి మాటే. చెల్లింపుల సమాచారాన్ని దేశంలోనే నిల్వ చేయాలని 2018లో రిజర్వు బ్యాంకు ఆదేశించడమూ సబబే. అయితే సర్వర్ హైదరాబాద్‌లో ఉన్నంత మాత్రాన అందులోని వివరాలపై పౌరుడికి పట్టు చిక్కినట్టు కాదు. ఏ విదేశీ సంస్థ క్లౌడ్‌కు ఏ శాఖ సమాచారం వెళుతోందో, ఒప్పందంలో ఏ షరతులకు తలవంచారో, గుత్తేదారు ఎవరికి నకళ్లు ఇస్తున్నాడో గమనించి హెచ్చరించే మనుషులు ఉన్నప్పుడే ఆ సార్వభౌమత్వం నిలుస్తుంది. ఆ మనుషులను శత్రువులుగా చూసి, సర్వర్ల చుట్టూ గోడలు కడితే ఫలితం శూన్యం.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ సంస్థ ప్రధాన డేటా అధికారి చార్లెస్ బోర్జెస్ 2025 ఆగస్టులో ఇలాంటి హెచ్చరికే చేశారు. 30 కోట్లమందికి పైగా ప్రజల వివరాలున్న డేటాబేస్ నకలును ప్రభుత్వ సమర్థత విభాగం ‘డోజ్’ సిబ్బంది సరైన పర్యవేక్షణ లేని క్లౌడ్‌లో పెట్టారన్నది ఆయన ఫిర్యాదు. డేటా భద్రంగానే ఉందని ఆ సంస్థ చెప్పింది. బోర్జెస్ కొద్దిరోజులకే కొలువు వదులుకోవాల్సి వచ్చింది. చట్టం ఉన్నచోటా వేధింపులు ఆగవని దీన్నిబట్టి అర్థమవుతుంది. అయినా ఆయనకు ప్రత్యేక న్యాయవాది కార్యాలయం, చట్టసభ కమిటీలు అనే తలుపులు ఉన్నాయి. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి అవీ లేవు. ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన ఆదేశం ఇంకా ముందుకెళ్లింది. వ్యక్తిగత గోప్యత, డేటా రక్షణ, నెట్‌వర్కుల భద్రతకు సంబంధించిన ఉల్లంఘనలను చెప్పేవారికి అందులో పేరుపెట్టి రక్షణ కల్పించారు. ఫిర్యాదుదారుపై చర్య తీసుకుంటే, అది కక్షసాధింపు కాదని నిరూపించుకునే భారం యాజమాన్యానిదే.

రక్షణ ఇస్తే దేశ రహస్యాలు వీధిన పడతాయని, అబద్ధపు ఫిర్యాదులు వెల్లువెత్తుతాయని కొందరి భయం. డేటాను అమ్ముకునేవాడికీ, అమ్ముతున్నారని చెప్పేవాడికీ తేడా తెలుసుకోలేని వ్యవస్థ దేశ రహస్యాలను ఎలాగూ కాపాడలేదు. చట్టబద్ధమైన స్వతంత్ర సంస్థకు రహస్యంగా ఫిర్యాదు చేయడం లీకు కాదు. నిజానికి సురక్షితమైన దారి లేనప్పుడే పత్రాలు వీధిన పడతాయి. ఇక దురుద్దేశపు ఫిర్యాదులకు 2014 చట్టంలోనే రెండేళ్ల వరకు శిక్ష ఉంది. భద్రత పేరిట పది రకాల అంశాలపై ఫిర్యాదులనే నిషేధించాలన్న 2015 సవరణ బిల్లు లోక్‌సభ దాటి, ఆ తర్వాత కాలగర్భంలో కలిసింది. దాన్ని మళ్లీ తవ్వి తీయకూడదు.

చేయాల్సినవి స్పష్టం. 2014 చట్టాన్ని కేంద్రం తక్షణం నోటిఫై చేయాలి. పౌరుల గోప్యతకు, డేటా భద్రతకు భంగం కలిగించే చర్యలను ఫిర్యాదు నిర్వచనంలో చేర్చాలి. పేరు చెప్పని ఫిర్యాదులను ఆధారాల బలాన్ని బట్టి స్వీకరించాలి. ఒప్పంద, పొరుగుసేవల సిబ్బందికీ రక్షణ వర్తించాలి, ఎందుకంటే నేడు సర్వర్ల ముందు కూర్చునేది ఎక్కువగా వారే. సదుద్దేశంతో తప్పును నివేదించినవారికి ఆధార్ చట్టం, ఐటీ చట్టం, అధికార రహస్యాల చట్టాల కింద మినహాయింపు ఉండాలి. డేటా రక్షణ బోర్డు తలుపు ఉద్యోగులకూ తెరవాలి. బదిలీ, సస్పెన్షన్, శాఖాపరమైన విచారణ కక్షసాధింపు కాదని రుజువు చేసే భారం అధికారులపైనే మోపాలి.

కేంద్రం కదిలేదాకా రాష్ట్రాలు చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. తమ ఉద్యోగుల కోసం సొంత చట్టం చేసుకోకుండా అమరావతిని, హైదరాబాద్‌ను అడ్డుకునేవారు లేరు. గత ప్రభుత్వాల నిఘాపై విచారణలు జరిపించే పాలకులు, రేపు తమ హయాంలో తప్పు జరిగితే చెప్పే ఉద్యోగికి ఇవాళే రక్షణ కల్పించాలి. వారి చిత్తశుద్ధికి అదే గీటురాయి. రాబోయే శాసనసభ సమావేశాల్లోనే రెండు రాష్ట్రాలూ ఆ బిల్లు ప్రవేశపెట్టాలి.