ఫ్రీజర్లో పెడితే చద్దేనా?

మొన్న ఆదివారం మా పెద్దమ్మ మామిడిపండు "పై" (కజ్జికాయకి ఓవెన్లో పుట్టిన చుట్టం అనుకోండి) రెండు ముక్కలు లాగించి, అది మే నెలలో చేసి ఫ్రీజర్లో దాచిందని తెలియగానే మొహం మాడ్చుకుంది. "చద్దిది పెట్టావుట్రా!" చేసింది నేనే అయినా చూపు మాత్రం మా ఆవిడ మీదకే వెళ్ళింది.

బంగినపల్లి మన సెలవులు చూసుకుని పండదు కదండీ. సీజన్లో ఒక శనివారం కూర్చుని, ముక్కలకి పంచదార, కార్న్‌ఫ్లోర్ పట్టించి, నాలుగు అల్యూమినియం టిన్నుల్లో మైదా మూతలు వేసి, కాల్చకుండానే ఫ్రీజర్లో పెట్టేశాను. తినే రోజు కరగనివ్వకుండా తిన్నగా 200 డిగ్రీల ఓవెన్లోకి. కరిగితే అడుగు ముద్దయిపోతుంది. కాసేపయ్యాక మంట 180కి తగ్గించి, లోపల రసం బుడగలొచ్చేదాకా ఉంచాలి, గంట పైనే పడుతుంది. (గాజు గిన్నె మాత్రం వద్దు, పగులుతుంది.) మైనస్ 18లో సూక్ష్మజీవులు పెరగవు. ఇంక చద్ది ఎక్కడిది?

ఏడాది నాటి ఆవకాయ లొట్టలేసుకుని తింటాం. విశాఖ పోర్టు నుంచి గడ్డకట్టిన రొయ్యలు కంటైనర్లకొద్దీ అమెరికా పంపుతాం. అక్కడ అలాంటివి కొని వండుకునేది సాక్షాత్తూ పెద్దమ్మ కొడుకే! ఇంట్లో ఆడమనిషి అప్పటికప్పుడు పొయ్యి దగ్గర నిలబడకపోతేనే శుచి పోతుందన్నమాట.

2014లో హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మా ఫ్రీజర్లో ఉన్నదంతా పారబోశాం. ఆ భయమైతే ఒప్పుకుంటా. పెద్దమ్మది ఆ భయం కాదు. రాత్రి పదకొండు దాకా ఆన్‌సైట్ కాల్స్‌లో ఉండే మనిషి, పండగపూట తెల్లారి నాలుగింటికి లేచి పిండి కలపాలని ఎక్కడ రాసుంది?

వినాయక చవితికి ఇంకో రెండు పైలు ఉన్నాయి. పెద్దమ్మని పిలిచాను. "వస్తాలే గానీ, నాకు ఆ రోజు చేసిందే పెట్టు" అంది.

ఆ రోజు కాల్చిందే పెడతాను :-)