బాసీ అంటే షరమెందుకు?

నిన్న మా ఆఫీసులో ఓ కుర్ర సబ్ ఎడిటర్ ప్లాస్టిక్ డబ్బా తెరిచాడు. చల్లటి ఉడికిన జొన్నలు, చికెన్ తునకలు, కీరా ముక్కలు. "మిల్లెట్ సలాడ్ సార్, 350 రూపాయలు" అన్నాడు ఫఖర్‌గా.

నవ్వొచ్చింది. వెనకే గుస్సా కూడా వచ్చింది.

ఉర్దూ మీడియం బడికి నేను మోసుకెళ్లిన టిఫిన్‌లో ఏముండేది? రాత్రి మిగిలిన జొన్న గటక, ఎవరింటి దావత్‌లోంచో వచ్చిన ముర్గీ సాలన్‌లో ఏరిన బోటీలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. పక్క పిల్లలు "బాసీ ఖానా!" అని ముక్కు మూసుకునేవాళ్లు. నేను మూత సగమే తెరిచి తినేవాణ్ని. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మీ ఒకటే మాట అనేది: "బాసీ నక్కో బోల్ బేటా, రాత్ కా రిజ్క్ హై."

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను, ఖాళీ కడుపులకు అది బర్కతే. కానీ తెల్లన్నం తింటే షరీఫ్, జొన్న తింటే గరీబ్ అనే లెక్క మన దిమాగుల్లోంచి పోలేదు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. జొన్నకు ఇజ్జత్ వచ్చింది, సరే. జొన్న తిని బతికినోళ్లకు వచ్చిందా?

బాసీ తింటే కడుపు పాడవుతుంది కదా అంటారు. గంటల తరబడి బయట వదిలేస్తే పాడవుతుంది, నిజమే. ఆ 350 రూపాయల డబ్బా మాత్రం చల్లగా ఉందంటే ఎప్పుడో వండిందే కదా జనాబ్!

ఇంట్లో చేసుకోండి. గ్లాసుడు జొన్నలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో మెత్తబడేదాకా ఉడికించి, నీళ్లు వార్చేయండి. వెడల్పు పళ్లెంలో పలచగా ఆరబోయాలి. కుప్పగా పెడితే లోపలి వేడి దిగదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మిగిలిన చికెన్ కూడా అంతే, మసాలా దులిపి పోగులుగా చీల్చి పెట్టుకోండి. కీరా, ఉప్పు మాత్రం తినే ముందే కలపాలి, లేకుంటే నీరూరుతుంది. పైన పుదీనా, పచ్చిమిర్చి, నిమ్మరసం, చెంచాడు పల్లీ నూనె. ఆలివ్ ఆయిల్ తకల్లుఫ్ అక్కర్లేదు.

రేపు నా డబ్బా కూడా ఆఫీసుకే. ఆ కుర్రాడు పేరడిగితే బాసీ అనే చెప్తా.