చట్టమునకును గడపకును నడుమ

కొన్ని మాసముల క్రిందట మేమొక పెండ్లి పేరంటమునకై నాగావళి యొడ్డుననున్న యొక గ్రామమునకు పోయి యుంటిమి. పసుపు దంచుచున్న స్త్రీలలో నొకామె మోచేయి నల్లగా కమిలి యుండెను. ఏమని యడుగగా, "గట్టుమీద జారి పడ్డానమ్మా" అనెను. ప్రక్కనున్న ముసలమ్మ నవ్వి, "ఓలమ్మా, మొగుడన్నాక ఒక దెబ్బ వెయ్యడేటి?" అనెను. అందఱును నవ్విరి. ఆ యిల్లాలును నవ్వెను. మేమును చిఱునవ్వు నవ్వియే యుందుము. ఇపుడు తలచుకొన్న సిగ్గగుచున్నది.

ఆ నవ్వు ఆ యొక్క గ్రామముది కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, చెప్పకుండ గడప దాటినను, ఎదురు చెప్పినను, వంట సరిగా చేయకున్నను, అత్తమామలను మన్నింపకున్నను భర్త కొట్టుట తగునా యని స్త్రీలనే యడిగిరి. వీనిలో నేదో యొక కారణమునకైన తగుననిన స్త్రీలు మన యాంధ్రప్రదేశములో నూటికి 84 మంది! పెండ్లియైన స్త్రీలలో భర్త చేతి హింస ననుభవించినవారు నూటికి 30 మంది యని యా సర్వేయే చెప్పుచున్నది. దేశమంతట చూచినను, దెబ్బలు తిన్నవారిలో సహాయమడిగినవారు నూటికి 14 మందియే. తక్కినవా రందఱును గట్టుమీద జారి పడినవారే యన్నమాట.

చట్టము లేక కాదు. గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2005లో పుట్టి 2006 అక్టోబరు 26వ తేదీనుండి అమలులో నున్నది. కొట్టుట యొక్కటియే కాదు, నిత్యము తిట్టి యవమానించుట, ఇంటి ఖర్చున కీయకుండుట, నగలు లాగికొనుట, ఇంటినుండి గెంటివేయుట యన్నియు హింసయే యని యది చెప్పినది. ఇల్లు భర్తపేర లేకున్నను ఆమె యచట నుండవచ్చును. కాపురముండిన యిల్లు అత్తమామల పేరనున్నను ఈ హక్కు వర్తించునని సుప్రీముకోర్టు 2020లో తేల్చినది.

ఈ చట్టము కాపురములు కూల్చునని యనువా రున్నారు. అట్టివా రొక్కసారి దానిని చదివిన బాగుండును. మేజిస్ట్రేటు మొట్టమొదట నిచ్చునది చెఱ కాదు. "ఇక కొట్టరాదు" అను నుత్తరువు. ఆ యుత్తరువును మీఱినప్పుడే యొక సంవత్సరము వఱకు చెఱయో, 20,000 రూపాయల వఱకు జరిమానాయో, రెండునో. కాపురము నిలుపదలచినవాని కింతకంటె మెత్తని చట్టము దొరకదు.

మఱి యింత చట్టముండగా ఆ మోచేయి యేల కమిలెను? పేరంటము ముగిసిన పిదప ఆమెయే మాతో కొంత చెప్పినది. అంతకు ముందటి యేడు తలకు దెబ్బ తగిలి ఆసుపత్రికి పోగా, వెంటవచ్చిన అత్తగారు చెప్పినట్లే చీటిమీద "పడిపోయినది" అని వ్రాసిరట. స్టేషనులో, "ఇది మీ యింటి గొడవ, పెద్దల నడుమ తేల్చుకొండు" అనిరట. మఱియొక కార్యాలయమున, ముందు స్టేషను కాగితము తెమ్మనిరట. మూడు వాకిళ్లు తిరుగుటకు మూడు దినముల కూలి పోయినది. నాలుగవ దినమున అన్నగారు వచ్చి సర్ది చెప్పి మరల దిగబెట్టిపోయెను. వీరిలో నెవ్వరును దుర్మార్గులు కారు. ఎవరికి వారు తమ పని యింతవఱకే యనుకొనిరి.

చట్టమున నా మూడు వాకిళ్లకును మాట వ్రాసియే యున్నది. పోలీసువారు ఆమె హక్కుల నామెకు చెప్పవలెను: రక్షణాధికారి యున్నాడని, ఉచిత న్యాయసహాయము కలదని, నేరముగా ఫిర్యాదును వేరుగా చేయవచ్చునని. ఆసుపత్రివారు కాగితము లేదని వైద్యము మానరాదు సరికదా, అంతకు ముందు గృహహింసా నివేదిక వ్రాయబడనిచో తామే వ్రాసి రక్షణాధికారికి పంపవలెను. వైద్య పరీక్ష కాగితపు ప్రతి నామెకు ఉచితముగా నీయవలెను. రక్షణాధికారి ఆ నివేదికను మేజిస్ట్రేటునకును స్టేషనుకును అందజేసి, న్యాయసహాయము, వసతి, వైద్యము చూడవలెను. మేజిస్ట్రేటు సాధారణముగా 3 దినములలో మొదటి వాయిదా వేసి, ఆ మొదటి వాయిదానుండి 60 దినములలో ముగించుటకు యత్నింపవలెను.

ఈ నలుగురిని కలుపుట యెవరిపని? ప్రభుత్వముపని యని చట్టము 11వ సెక్షనులో స్పష్టముగా వ్రాసినది. పోలీసులకును, న్యాయాధికారులకును అప్పుడప్పుడు ఈ విషయమై శిక్షణ నీయవలెను. న్యాయము, హోము, ఆరోగ్యము మొదలగు శాఖల నడుమ పొత్తు కుదుర్పవలెను. జనులకు ప్రచారము చేయవలెను. మా యెఱిగినంతలో ఈ చట్టమున అన్నిటికంటె తక్కువగా చదువబడిన సెక్షను ఇదియే. 2025 మే 20వ తేదీన సుప్రీముకోర్టు, రక్షణాధికారులు లేనిచోట్ల జిల్లా, తాలూకా స్థాయిలలో స్త్రీశిశుసంక్షేమశాఖ యుద్యోగులను ఆఱు వారములలో నియమింపుడని రాష్ట్రముల నాజ్ఞాపింపవలసి వచ్చినదనిన, పందొమ్మిదేండ్లుగా జరిగిన పని యెంతయో తెలియుచున్నది.

మన రాష్ట్రము ఈ విషయమున మొదట వెనుకబడలేదు. జిల్లా ప్రాజెక్టు డైరెక్టరునే రక్షణాధికారిగా చేసి, తోడుగా న్యాయ సలహాదారును, సాంఘిక సలహాదారును గల విభాగము నేర్పఱచినది. ఐనను జిల్లా కొక్క అధికారి! ఇచ్ఛాపురమునుండి శ్రీకాకుళము నూఱు కిలోమీటర్లకు పైమాట. సీతంపేట కొండలలోని సవర యాడుబిడ్డకు బస్సుదారి చేరుటయే యొక ప్రయాణము. 2022లో పార్వతీపురము మన్యము జిల్లా యేర్పడుటచేత పార్వతీపురము వైపువారికి జిల్లా కేంద్రము కొంత దగ్గఱయైనది. కాని దగ్గఱలోనున్న యుద్యోగి తెలిసినవాడు కానిచో దూరము తఱుగదు. 2019లో గ్రామ సచివాలయములు పెట్టినపుడు ఊరూర నొక మహిళా సంరక్షణ కార్యదర్శిని నియమించి, 2021లో మహిళా పోలీసు లనిరి. మంచి యూహయే. ఐనను పేరు మార్చినంత మాత్రమున పని రాదు. అర్ధరాత్రి తలుపు తట్టిన స్త్రీతో మొదట నే మాట యనవలెనో యెవరైన నేర్పవలెను.

ఏమి నేర్పవలెను? మా యభిప్రాయము చెప్పెదము. మొట్టమొదట రాజీ యనునది నేర్పవలెను. మన వైపున రాజీ యనగా ఆమెను మందలించి పంపుట. చట్టపు నియమములలో నట్లు లేదు. సలహాదారు ముందు కూర్చుండబెట్టినపుడు కొట్టినవాడు తాను కొట్టుటకు కారణము చెప్పుకొనుటకే వీలులేదు. ఆ సంగతి ముందే యతనికి తెలుపవలెను. "కూర ఉప్పగా నున్నది గనుక" అను మాట అచట చెల్లదు. ఈ యొక్క నియమము ప్రతి స్టేషనులోను, ప్రతి సంఘములోను గోడపై వ్రాసిన చాలునని మాకు తోచును. 2000లో వెలుగు పథకము మొదలైన యాఱు జిల్లాలలో శ్రీకాకుళము, విజయనగరము రెండును గలవు. పొదుపు సంఘముల స్త్రీలు నాటినుండి బ్యాంకు మేనేజరుతో మాటాడ నేర్చిరి. వారు ఈ రాజీ సంగతియు నేర్చిన నెంత మేలగునో! నేర్వనిచో సంఘము కూడ ఆ ముసలమ్మ మాటనే పదిమంది చేత పలికించును.

ఇట్టి పని చట్టముతోనే ముగియదని మన విజయనగరము ఏనాడో చూచినది. ఆనందగజపతి మహారాజు మూడేండ్లలో ఈ ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్కవివాహముల పట్టిక తీయింపగా 1,034 తేలినవి. చెన్నపట్టణపు శాసనసభలో బిల్లును పెట్టిరి, నెగ్గలేదు. గురజాడవారు కన్యాశుల్కమును వ్రాసి 1892లో ఆడించిరి. లెక్క, చట్టము, జనుల మనస్సు, ఈ మూడింటిలో నేది లేకున్నను బండి కదలదని యప్పుడే తెలిసినది. మనకిప్పుడు లెక్క యున్నది, చట్ట మున్నది.

ఇక ఇంటిలోని స్త్రీలమైన మనము చేయదగిన దేమని యడుగుదురు. చట్టము పొరుగువారికి కూడ చోటిచ్చినది. హింస జరిగినదనియో జరుగుచున్నదనియో నమ్మకము గల వా రెవ్వరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ కేసును రాదు. కావున గోడ యవతల కేకలు విని వంటింటి తలుపు వేసికొనువారికి భయమను సాకు లేదు. 181 సంఖ్యకు ఫోను చేయవచ్చును, ప్రాణాపాయమైన 112, ఉచిత న్యాయసహాయమునకు 15100. వైద్యము, పోలీసు, న్యాయసలహా ఒక్కచోట దొరకుటకై 2015లో సఖి కేంద్రముల పథకము వచ్చినది. అచట 5 దినముల వఱకు తలదాచుకొనవచ్చును.

కాపురము హైదరాబాదులోనో చెన్నైలోనో యుండి దెబ్బలు తిని పుట్టింటికి వచ్చినవారు మన వైపున పెక్కుమంది. వేరావలు రేవునకు చేపలవేటకై పోయిన భర్త గలవారును కలరు. అంత దూరమేగి కేసు వేయనక్కఱలేదు. ఆమె తాత్కాలికముగా నున్న యూరి మేజిస్ట్రేటు నొద్దనే, అనగా సోంపేటలో నున్న సోంపేటలోనే, అడుగవచ్చును. ఆ యుత్తరువు దేశమంతట చెల్లును. ఈ సంగతి తెలియకయే పుట్టింటివారు బిడ్డను మరల రైలెక్కించుచున్నారు.

అత్తగార్లమైన వారి కొక మాట. ఆసుపత్రిలో చీటి వ్రాయించునపుడు కోడలి ప్రక్క నుండునది మనమే. ఏమి జరిగినదని డాక్టరుగా రడిగినపుడు కోడలిని చెప్పనిత్తము. కొడుకు పేరు చెడునని మనము చెప్పిన "పడిపోయినది" అను నొక్కమాట, ఆరు నెలల పిదప మేజిస్ట్రేటు బల్లమీద ఆమెకు ఎదురు సాక్ష్యమగును. ఆ మాట చెప్పిన యత్తగా రంతటి పాపిష్ఠురాలు కాదని, ఆ కోడలే మాతో ననినది: "ఆవిడా అలాగే పడిందమ్మా, చాలాసార్లు."

ఆమెకు మేము పై సంఖ్యలను వ్రాసి యిచ్చితిమి. కాగితమైన నింటిలో దాచుటకు వీలులేదని, పసుపు చేటవెనుక బొగ్గుతో మూడంకెల సంఖ్య యొకటి వ్రాసికొనినది. చేసినదో లేదో మాకు తెలియదు. స్త్రీధనము తిరిగి పొందుట గూర్చి పలువురు సోదరీమణులు వ్రాసిరి. దానిని వచ్చు సంచికలో విచారింతము.