కప్పు కొట్టాక బలరాం ఏమయ్యాడు?

సినిమాలో హీరో కప్పు పైకెత్తగానే శుభం కార్డు పడిపోతుంది. లైట్లు వెలుగుతాయి. మనం కాళ్లతో చెప్పులు తడుముకుంటూ బయటికొచ్చేస్తాం. మర్నాడు పొద్దున్న ఆ హీరో ఎక్కడ పనికి పోయాడో, ఇంటద్దె ఎలా కట్టాడో మనకి అక్కర్లేదు. ఆటగాడి అసలు కథ మాత్రం చాలాసార్లు ఆ మర్నాడే మొదలవుతుంది మిత్రులారా!

ఈ సంగతి ఎందుకెత్తానంటే, మా పోలవరం కుర్రాళ్లు నలుగురు ఫోన్లో ‘మైదాన్’ చూశారు. అజయ్ దేవ్‌గణ్ హైదరాబాదు కోచ్ రహీం సాబ్‌గా వేసిన 2024 నాటి హిందీ చిత్రం. మన ప్రియమణి ఆయన భార్యగా వేసింది. నిర్మాతల్లో ఒకడు బోనీ కపూర్. కోవిడ్ వచ్చి షూటింగు ఆపింది, 2021లో తుపాను వచ్చి సెట్టు పాడుచేసింది. అన్ని తిప్పలు పడి తెరకెక్కితే డబ్బులు మాత్రం రాలేదు, పాపం! సరే, సినిమా చూసిన కుర్రాళ్లు టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నారు.

“అందులో బలరాం అనే ప్లేయరు మన సికిందరాబాదోడేనంటండీ! కప్పు కొట్టాక ఏమైపోయాడండీ?” అని ఒకడు.

“అదే అమెరికా అయితే ఈపాటికి సినిమా హీరో చేసేసుందురండీ!” అని ఇంకొకడు.

రెండోవాడు నవ్వుకి అన్నాడు గానీ, నాకు మాత్రం ఠక్కున జిమ్ బ్రౌన్ గుర్తొచ్చాడు. అమెరికా నిజంగానే అతణ్ణి హీరోని చేసింది. జిమ్ బ్రౌన్ పుట్టింది 1936లో. బలరాం పుట్టిందీ 1936లోనే. అతను క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో చేరింది 1957లో. ఇతను కలకత్తా ఈస్ట్ బెంగాల్లో చేరిందీ 1957లోనే. ఇద్దరూ కన్నుమూసింది 2023లో. ఏ రచయితైనా కథలో ఇలా రాస్తే, “మరీ కాకతాళీయంగా ఉందయ్యా, మార్చు” అంటాడు డైరెక్టరు! ఇన్ని కలిసినా, ఆట అయిపోయాక ఇద్దరి దారులూ పూర్తిగా వేరైపోయాయి.

ముందు అమెరికా వాడి సంగతి చూద్దాం. వాళ్లు ఫుట్‌బాల్ అనే ఆట మన ఫుట్‌బాల్ లాంటిది కాదు. బంతి ఒలిచిన కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తాలి. అవతలి జట్టు వాళ్లు మన కబడ్డీలో కూతకొచ్చిన వాణ్ణి పడేసినట్టు మీదపడి పడేస్తారు. కాకపోతే ఒక్కొక్కడూ బస్తా బియ్యం కంటే బరువుంటాడు! అలాంటి ఆటలో జిమ్ బ్రౌన్ తొమ్మిది సీజన్లలో 118 మ్యాచిలాడాడు. ఒక్కటి కూడా మానలేదు. ఎనిమిది సీజన్లలో పరుగులో అతనిదే మొదటి స్థానం. మొత్తం అతను బంతి పట్టుకుని పరుగెత్తిన దూరం 12,312 గజాలు. అంటే పదకొండు కిలోమీటర్ల పైన. మా పోలవరం నుంచి రాజమండ్రి దారి పట్టుకుంటే పట్టిసం దాటి పోతాం. అదంతా దెబ్బలు తింటూ, కింద పడుతూ లేస్తూ! 1964లో జట్టుకి చాంపియన్‌షిప్ కూడా వచ్చింది.

1966లో ‘ది డర్టీ డజన్’ అనే యుద్ధ చిత్రం షూటింగుకి ఇంగ్లండు వెళ్లాడు. వానలు పడి షూటింగు ఆలస్యమైంది. ఇక్కడ జట్టు ప్రాక్టీసు మొదలయ్యే వేళైంది. రాకపోతే జరిమానా అని జట్టు యజమాని హెచ్చరించాడు. జిమ్ బ్రౌన్ ఏం చేశాడో తెలుసా? “అయితే నేను ఆటే మానేస్తున్నా” అని ఆ షూటింగు జరుగుతుండగానే ప్రకటించేశాడు. అప్పటికి వయసు 30. మంచి ఊపు మీదున్నాడు. 1967లో ఆ సినిమా పెద్ద హిట్టయింది. క్లైమాక్సులో శత్రువుల కోట దగ్గర గ్రెనేడ్లు జారవిడుస్తూ అతను తీసే పరుగు చూడండి... మైదానంలో తీసిన పరుగే అది, చేతిలో బంతి మాత్రం మారింది! ఆ తర్వాత హీరో వేషాలు వచ్చాయి. నల్లజాతి నటుడు అలా తెర నిండా నిలబడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1967లో మహమ్మదాలీ యుద్ధానికి పోనన్నప్పుడు, తోటి ఆటగాళ్లని క్లీవ్‌లాండులో కూడేసి అతనికి అండగా నిలిచాడు కూడా. అలాగని బంగారు బొమ్మ అనుకోకండి. ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకున్నాడన్న ఆరోపణలు చాలా ఉన్నాయి. భార్య కారు పగలగొట్టిన కేసులో 2002లో జైలు కూడా చూశాడు. అభిమానించేవాళ్లు ఇది కూడా తెలుసుకునే అభిమానించాలి.

ఇక మనవాడి దగ్గరికొద్దాం. తులసీదాస్ బలరాం. తమిళ కుటుంబం, పుట్టి పెరిగింది సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో. పేదరికం. కుర్రాడి ఆట చూసిన రహీం సాబ్ ప్రాక్టీసుకి రమ్మంటే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట. సైకిలు అద్దెకి రహీం సాబే డబ్బులిచ్చారని బలరాం పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు. ఆ అద్దె సైకిలు ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్! ఆ పోటీల్లో మన ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాదు కుర్రాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మన జట్టు 1-2 తేడాతో ఓడింది. ఆ ఒక్క గోలూ బలరాందే. పెరూ మీద 1-3. ఆ ఒక్కటీ బలరాందే! 1961లో ఈస్ట్ బెంగాల్‌కి కెప్టెనై కలకత్తా లీగు గెలిపించాడు. ఆ ఏడు లీగులో అందరికంటే ఎక్కువ గోల్సు కొట్టింది కూడా అతనే. కలకత్తా జనానికి ఫుట్‌బాలంటే మనకి సంక్రాంతి నాటి కొత్త సినిమా అంత. అలాంటి చోట బయటి ఊరి కుర్రాడు ముద్దుబిడ్డయ్యాడంటే మాటలా! పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. ముగ్గురి పేర్లూ కలిపే చెప్పేవారు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్. ‘మైదాన్’ క్లైమాక్సు అదే కాబట్టి గబగబా చెప్పేస్తాను. జపాన్ మీద 2-0 గెలిస్తే అందులో ఒక గోలు బలరాందే. సెప్టెంబర్ 4న ఫైనలు. స్టేడియం నిండా మనవాళ్ల మీద కోపంగా ఉన్న జనం. మన జట్టు దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. గోల్సు బెనర్జీ, జర్నైల్ సింగ్ కొట్టారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో మనకి మరో బంగారం రాలేదు. బలరాంకి అదే ఏడు అర్జున అవార్డు కూడా వచ్చింది.

శుభం కార్డు ఇక్కడ పడింది.

మర్నాడేమైందో విన్నారా? 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. అదే ఏడు బలరాం ఊపిరితిత్తులకి జబ్బు చేసింది. ప్లూరసీ అన్నారు డాక్టర్లు. ఆట మానెయ్యక తప్పలేదు. అప్పటికి వయసు 27 లోపు. జిమ్ బ్రౌన్ తన ఇష్టంతో ఆట వదిలాడు. బలరాంని ఆటే వదిలేసింది.

ఇంకో తేడా కూడా ఉంది. జిమ్ బ్రౌన్ ప్రొఫెషనలు. ఆటే అతని ఉద్యోగం, కాంట్రాక్టు రాసుకుని ఆడేవాడు. మన వాళ్లు కాగితం మీద అమెచ్యూర్లు. ఆ రోజుల్లో ఒలింపిక్స్ ఆడాలంటే అలాగే ఉండాలి. ఏ పోలీసు శాఖో, రైల్వేయో ఉద్యోగమిస్తే నెల తిరిగితే జీతం. ఆ ఉద్యోగమే ఇన్సూరెన్సు, ఆ ఉద్యోగమే పింఛను. బలరాంని ఆదుకున్నది కూడా రైల్వేనే. సినిమా వాళ్లెవరూ అతని గుమ్మం తొక్కలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారా అనే ఊళ్లో స్థిరపడిపోయాడు. చునీకి పద్మశ్రీ వచ్చింది, బెనర్జీకి వచ్చింది. బలరాంకి రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు, అడిగిన వాళ్లకి చెప్పేశాడు. 2023 ఫిబ్రవరి 16న పోయాడు. ‘మైదాన్’ విడుదలై తెర మీద తన పేరు వినపడటానికి అప్పటికింకా ఏడాది పైన ఉంది.

నన్నడిగితే ‘మైదాన్’ తప్పేమీ లేదు. అది రహీం సాబ్ కథ, దాన్ని అది చెప్పింది. నా గొడవంతా మన తెలుగు తెరతోనే! 1991లో ‘అశ్విని’ వచ్చింది. పరుగుల రాణి అశ్వినీ నాచప్ప తన కథలో తనే నటించింది. మనవాళ్లు చూశారు, మెచ్చుకున్నారు. 2019లో ‘జెర్సీ’లో నాని ఆట మానేసినవాడి కడుపుమంట చూపిస్తే, హాల్లో ఏడవని వాడు లేడు. అంటే ఓడినవాడి కథ జనం చూడరన్న మాట అబద్ధమని తేలిపోయింది కదా! మరి అమ్ముగూడ కుర్రాడి అద్దె సైకిలు కథ ఇన్నేళ్లూ ఎవరికీ కనపడలేదేం?

నాకైతే ఆ సినిమా జకార్తా బంగారంతో మొదలవ్వాలని ఉంది. పతకం మెళ్లో పడ్డాక, దగ్గు మొదలయ్యాక, డాక్టరు “ఇక చాలు” అన్నాక... 27 ఏళ్ల లోపు వాడు అక్కణ్ణించి 86 ఏళ్ల దాకా ఎలా బతికాడు? నిజమైన ధైర్యం కావలసింది ఆ అరవై ఏళ్లకే. గోలు కొట్టడానికి పదకొండు మందిలో తోడుంటారు. దీనికి ఎవరుంటారు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊళ్లో కబడ్డీయో, వాలీబాలో బాగా ఆడే కుర్రాడు, అమ్మాయి ఉండే ఉంటారు. గెలిచిన రోజు భుజాల మీద ఎత్తుకుంటారు, బానే ఉంది. మోకాలు విరిగిన మర్నాడు కూడా ఓసారి ఇంటికెళ్లి పలకరించండి. ఇక బలరాం వేషానికి మన హీరోల్లో ఎవరు సరిపోతారంటారు? పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి, ఎందుకో కూడా రాయండి. మంచి ఉత్తరాలు ఈ శీర్షికలోనే వేస్తాను!