నూతన పట్టణములు – మన నాపరాయి

గండికోటను యాత్రాస్థలముగా తీర్చిదిద్దుటకై కేంద్ర ప్రభుత్వము 2024 నవంబరులో సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. అదే సంవత్సరము మార్చిలో పులివెందులయందు గరండాల వాగుగట్టును, ఉలిమెల్ల చెరువు తీరమును విహారస్థలములుగా తీర్చి ప్రజల కప్పగించిరి. ప్రొద్దుటూరు తన బంగారు వర్తకముతోను, జమ్మలమడుగు గండికోట యాత్రికులతోను పెరుగుచున్నవి. మూడు పట్టణములందును కట్టడములు లేచుచున్న ఈ తరుణమున, అవి యే రూపమున లేవవలెనను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. ధనము తెచ్చుట యొకయెత్తు, ఆ ధనమునకు నిలుచు రూప మొసగుట యొకయెత్తు.

దేశీయ శిల్పమను మాట నేడు అందరి నోటను వినవచ్చుచున్నది. కాని ఆచరణలో దాని యర్థమేమి? గోపురాకృతిని సిమెంటుతో పోసి స్వాగతద్వారముపై నిలుపుట, ముఖద్వారమునకు రెండు ఏనుగు బొమ్మల నతికించుట. వాని వెనుక నుండునది అద్దపు గోడయే. వేసవిలో నలువది డిగ్రీలు దాటు సీమలో అద్దపు గోడ కట్టి, ఆ వేడిమిని పోగొట్టుటకు శీతలయంత్రము పెట్టి, విద్యుచ్ఛక్తి నిలిచిన గడియలో కుంపటియందు కూర్చుండుట వివేకమనిపించుకొనదు. దేశీయత పైపూత కాదు. అది యీ నేలపై కాయు ఎండనుండియు, ఈ నేలలో దొరకు రాతినుండియు, ఈ నేలపై బ్రతుకు పనివాని చేతినుండియు పుట్టవలెను.

మన పెద్దల మిద్దెలు ఈ రహస్య మెరిగినవి. దళసరి రాతిగోడలు, దూలములపై దంతెలు, పైకప్పున చవుడు మట్టి, వెలుతురునకు గవాచి: ఎండను వెలుపలనే నిలుపుటకు ఇంతకన్న తక్కువ వ్యయముగల ఉపాయము లేకుండెను. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతముల గనులనుండి వెలువడు నాపరాయి ఈ సీమ సొత్తు. ముంబయి వంటయిండ్లలో గట్టుపై పరచు నల్లని బండను అచటివారు ‘కడప్పా’ అనియే పిలుతురు. దూరపు నగరము మన జిల్లా పేరును తన వంటింట నిలుపుకొనగా, మన నూతన గృహములలో గుజరాతునుండి దిగిన పింగాణి పలకలు మెరయుచున్నవి! ఇంటి బంగారమును ఇత్తడిగా నెంచుట యనగా నిదియే.

మట్టి మిద్దెకు ఏటేట మరమ్మతు కావలెననియు, అంతస్తుల మేడకు ఇనుము, సిమెంటు లేనిదే సాగదనియు కొందరందురు. నిజమే. పాత మిద్దెలనే మరల కట్టుడని మేము కోరుటలేదు. మేడ సిమెంటుదే కానిండు. దానికి లోతైన వసారాయు, నడుమ ముంగిలియు, నాపరాతి నేలయు, మెట్లును, అరుగులును ఏల ఉండరాదు? ప్రక్క గ్రామపు గనికి పోవు సొమ్ము పనివాని కూలియై మరల మన సంతకే వచ్చును.

ఈ విచారము తొలుతనే జరుగకున్న ఏమగునో అమరావతి చెప్పుచున్నది. శాసనసభా సౌధమునకై 2016లో జపాను వాస్తుశిల్పి ఫుమిహికో మాకీ సంస్థను ఎన్నుకొనిరి. పిదప ఆ పని లండనులోని ఫాస్టర్ సంస్థకు మారెను. 2017లో చలనచిత్ర దర్శకుడు రాజమౌళి సలహా కోరిరి. 2019లో నిలిచిన పనులు 2025 మేలో మరల ప్రారంభమయ్యెను. అమరావతీ స్తూపపు ఫలకములు కొన్ని లండను ప్రదర్శనశాలలో నున్నవి. ఆంధ్రుల సభాభవనపు పటములును ఆ నగరమందే గీయబడినవి! పరదేశ నిపుణుని నైపుణ్యమును మేము నిరసింపము. రూపమును ముందు కోరి, అందులో మనదనమును పిదప వెదకుటయే లోపము.

భోపాలులో చార్లెస్ కొరియా 1996 నాటికి ముగించిన శాసనసభా భవనము వేరుదారి చూపినది. ముంగిళ్ల చుట్టును గదులు కూర్చి, గోడలను ఆ రాష్ట్రపు గిరిజన చిత్రకారుల కప్పగించిరి. అయితే దేశీయ రూపమొక్కటియే చాలదు. ఈజిప్టులో హసన్ ఫతీ 1940 దశకమున పల్లెవారిని తరలించుటకై మట్టియిటుకలతో, గుమ్మటములతో నూతన గుర్నా గ్రామమును కట్టెను. అందమునకు కొదువలేదు. కాని గుమ్మటమనిన గోరీ తలపునకు వచ్చెడి ఆ జనులు, తమ పాత ఊరు విడుచుట కిష్టములేక, అందు కాపురమునకు రాకపోయిరి. నివసించువాని నడుగక కట్టినది ఎంత దేశీయమైనను పరాయిదే.

ఇక కూడళ్లలోని కళను చూతము. మన కూడళ్లలో నాయకుల విగ్రహములకు లోటులేదు. ప్రొద్దుటూరునకు చేరువనున్న కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోడుడు ధనంజయుడు వేయించిన తెలుగు శాసనము కలదు. మనకు తెలిసిన తెలుగు శాసనములలో తొల్తటిదిగా పండితులు దానిని గణింతురు. జమ్మలమడుగు ప్రాంతమున పెద్దముడియమునందు ప్రాచీన దేవతాశిల్పమును, పెన్న యొడ్డున దానవులపాటియందు జైనాలయమును బయల్పడినవి. బడికి పోవు బాలుడు ఇవి ప్రతిదినము చూచు తావున నున్నవా? నాపరాతిపై వీని ప్రతిరూపములు చెక్కించి బస్సు నిలయములందును ఉద్యానములందును నిలుపవలెను. చేయదగిన శిల్పులు ఆళ్లగడ్డలోనే యున్నారు.

వీనికన్న ముఖ్యమైన శిల యింకొకటి కలదు. గండికోట జలాశయమున ఊళ్లు మునిగినవి. 2020లో తాళ్లప్రొద్దుటూరు వాసులు నీరు ఇండ్లను చుట్టుముట్టగా కదలవలసివచ్చెను. వారు చేరిన కాలనీలును నూతన పట్టణములే. అచటి ప్రతి కాలనీ ముంగిట మునిగిన ఊరి పేరును చెక్కిన రాయి నిలుపుడు. దాని చుట్టు రచ్చకట్ట కట్టి, నీడకు వేపచెట్టు నాటుడు. యాత్రికుని కన్నులకు వ్యయమగు కోట్లలో కొంత, ఊరు కోల్పోయినవాని మనస్సునకు దక్కుట న్యాయము.

పురపాలక సంఘములవారికి మా మనవి యొక్కటే. అంచనా మంజూరగుటకు ముందే కట్టడపు పటమును నెలదినములు ప్రజలయెదుట నుంచుడు. ఇందు మన రాయి ఎంత, నీడ ఎంత, మన కథ యెంత అని పన్నులు చెల్లించు భూస్వాములును వర్తకులును నిలదీసి యడుగవలెను. కాగితముపై గీత మార్చుట సులభము. గోడ లేచినపిదప మూడుతరములవారు దానిని మోయవలసియుండును.