కాళ్లు అందవు, తాళం అందుతుంది

పల్లెల్లో మైనరు పిల్లలు మోటారు సైకిలు నడపడం నిన్నమొన్న మొదలైంది కాదు గానీ, ఇప్పుడది ఇంటిపనిలో భాగమైపోయింది. పదమూడేళ్ల కుర్రాడు తెల్లవారగానే పాలకేను కట్టుకుని డెయిరీ కేంద్రానికి వెళ్తాడు. పొలంలో ఉన్న తండ్రికి సద్ది అందిస్తాడు. మండల కేంద్రం నుంచి పురుగుమందు తెస్తాడు. చెల్లెల్ని వెనక ఎక్కించుకుని బడికి పోతాడు. ఈ పిల్లల గురించి ఎక్కడ చర్చ వచ్చినా రేసులు, రీల్సు, ఆకతాయితనం అనే మాటలే వినబడతాయి. కూలీల ఇళ్లలో సంగతి వేరు. అక్కడ సరదా కొంత, అవసరం చాలా.

ఈ పనులన్నీ ఒకప్పుడు సైకిలు మీద జరిగినవే. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది. తర్వాత్తర్వాత వాయిదాల పద్ధతి, సెకండ్‌హ్యాండ్ బేరాలు పెరిగి బండి చిన్నరైతు గుమ్మం దాకా, ఆపైన కూలి ఇంటి దాకా చేరింది. చాలా ఇళ్లలో ఉండేది ఒకటే బండి. దాన్ని నడిపే మగమనిషి మేస్త్రీ పనికో, వలసకో పోతే బండి ఇంటి దగ్గరే ఉంటుంది, పనీ ఇంటి దగ్గరే ఉంటుంది. మిగిలింది పిల్లాడు.

రెండో కారణం బడి. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. తొమ్మిది, పది తరగతులు ఆ లెక్కలో లేవు. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు పక్క ఊరి హైస్కూలుకు మారతారు, సరిగ్గా ఆ వయసులోనే బండి చేతికొస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. మంచిదే. బస్సే రాని ఊరికి, వచ్చినా బడి గంటకు రాని ఊరికి ఆ ఉచితం వల్ల ఒరిగేది మాత్రం ఏమీ లేదు.

ఆ వయసు పిల్లాడు స్ప్లెండర్ లాంటి బండి ఎక్కే తీరు చూస్తేనే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. బండి బరువు వంద కిలోలకు పైమాటే, కుర్రాడి బరువు అందులో సగం కూడా ఉండదు. సీటు మీద ముందుకు జరిగి, పెట్రోలు ట్యాంకును ఆనుకుని కూర్చుంటే గానీ హ్యాండిల్ చేతికి సరిగా అందదు. కిక్కు కొట్టాలంటే ఒళ్లంతా దాని మీద వేయాలి. బండి కదిలాక అంతా బాగానే ఉన్నట్టుంటుంది, చిక్కంతా ఆపేటప్పుడే. కాలి మునివేళ్లు తప్ప నేలకు ఆనవు కాబట్టి అరుగో, కల్వర్టు గట్టో వెతుక్కుని దాని పక్కన ఆపుతాడు. అడ్డంగా గేదె వస్తే గట్టు వెతుక్కునే వ్యవధి ఎక్కడుంటుంది? గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. బ్రేకు తొక్కాలని తోచేలోపే ఆ దూరం దాటిపోతుంది.

ఇక చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ మించని, గేర్లు లేని మోటారు సైకిలుకైతే 16 ఏళ్లు చాలు. గేర్లు లేవు కదా, టీవీఎస్ ఎక్స్‌ఎల్ మోపెడ్‌ను పిల్లలు నడపొచ్చనే నమ్మకం పల్లెల్లో ఉంది. అది తప్పు. ఇప్పటి ఎక్స్‌ఎల్ ఇంజను దాదాపు 100 సీసీ. చట్టం మినహాయించిన 50 సీసీ బండ్లు షోరూముల్లోంచి ఎప్పుడో మాయమయ్యాయి, మినహాయింపు ఒక్కటే కాగితం మీద మిగిలింది. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారుతో నడిచే తేలికరకం ఎలక్ట్రిక్ బండికి లైసెన్సు అక్కర్లేదు. పాలకేనుకు, పచ్చిగడ్డి మోపుకు అది ఎంతవరకు పనికొస్తుందనేది వేరే సంగతి.

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 199ఏ సెక్షన్ మైనరు చేసిన నేరాన్ని తల్లిదండ్రుల మీద, బండి యజమాని మీద మోపుతుంది. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలల పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. తనకు తెలియకుండా జరిగిందని, తన జాగ్రత్త తాను తీసుకున్నానని రుజువు చేసుకుంటే తప్ప పెద్దలకు తప్పించుకునే దారి లేదు. గోడ మేకుకు తాళం వేలాడే ఇంట్లో ఆ రుజువు కష్టమే. హెల్మెట్ సంగతి చూస్తే, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ తప్పనిసరి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు. లేని లైసెన్సుపై వేటు వేస్తామంటే పిల్లాడు భయపడతాడా?

25,000 రూపాయలంటే కూలి ఇంట్లో ఉన్న పాత బండి అమ్మినా రాని మొత్తం. ఆ సెక్షన్ పెడితే ఒక కుటుంబం అప్పులపాలవుతుందని రోడ్డు మీద ఆపిన కానిస్టేబులుకు తెలుసు. అందుకే వ్యవహారం చాలాసార్లు ఒక కేకతోనో, తండ్రిని పిలిపించి చేసే కౌన్సెలింగ్‌తోనో ముగుస్తుంది. శిక్ష పడితే కొండలా పడుతుంది, లేకుంటే అసలు పడదు. ఇలాంటి చట్టానికి ఎవరూ భయపడరు. మొదటిసారికి చిన్న జరిమానా, వారం రోజులు బండి స్టేషన్లో, రెండోసారికి ఇంకాస్త ఎక్కువ అనే పద్ధతి ఉంటే పోలీసు చెయ్యీ ఆడేది, ఇంట్లో తాళమూ దాగేది.

జరిమానాను మించి ముంచేది బీమా. చాలామందికి ఈ సంగతి తెలియదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండ్లకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా కలిపే ఇస్తున్నారు. అది తీరాక చేతులు మారిన పాత బండికి మళ్లీ కట్టేవాళ్లు అరుదు. బీమా ఉన్నా, లైసెన్సు లేని పిల్లాడు ఎవరినైనా గుద్దితే కంపెనీ బాధితుడికి ముందు చెల్లించి, ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని కోర్టులు చెబుతూ వచ్చాయి. తనకు తెలియకుండా మైనరు తాళం తీసుకుపోయాడన్న ఒక యజమాని వాదన 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్లీ నిలవలేదు. నడిపిన పిల్లాడికే దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ బీమాలో అతడికి రూపాయి రాదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు మూడింట రెండొంతుల మరణాలు గ్రామీణ ప్రాంతాల్లోనే. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది, వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. మొత్తం మృతుల్లో 18 ఏళ్లు నిండనివారు 9,528 మంది. పల్లెదారిలో ఎవరూ అంత వేగంగా పోరు కదా అనేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. పంటకాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉంటుంది. ఊరివాళ్లే సొంతంగా వేసుకున్న స్పీడ్ బ్రేకరుకు రంగు ఉండదు, బోర్డు ఉండదు. 2005లో మొదలైన 108 అంబులెన్సు పల్లెకూ వస్తోంది, నిజమే. అయితే తలకు దెబ్బ తగిలినవాడికి కావాల్సిన సీటీ స్కాను, నరాల సర్జన్ దొరికేది పట్నంలోనే.

తల రోడ్డుకు తగలడానికి పెద్ద వేగం అక్కర్లేదు. బండి మీద కూర్చున్న ఎత్తు నుంచి పడ్డా పుర్రె పగలవచ్చు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర ఆ దెబ్బకు తాను నలిగి, తలకు చేరే బలాన్ని తగ్గిస్తుంది. హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తలగాయం ముప్పు 69 శాతం తగ్గుతుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష తేల్చింది. గడ్డం కింద పట్టీ బిగించుకుంటేనే ఈ మేలు. తండ్రి హెల్మెట్ పిల్లాడి తల మీద గిరగిరా తిరుగుతుంది, పడితే ముందు ఎగిరిపోయేది అదే. కొత్త బండితో పాటు కంపెనీయే హెల్మెట్ ఇవ్వాలని నిబంధన ఉంది. కానీ పేద ఇంటికి వచ్చేది రెండో చేతిదో, మూడో చేతిదో. అందులో ఆర్‌సీ రావడమే గొప్ప, హెల్మెట్ ఎక్కడిది? సంతలో దొరికే చవక టోపీ చలానా తప్పిస్తుందేమో గానీ తలను కాపాడదు.

వియత్నాంలో 2007 డిసెంబరు 15 నుంచి బండెక్కిన ప్రతివారికీ హెల్మెట్ తప్పనిసరి చేశారు. పెద్దలు కొద్ది రోజుల్లోనే దారికొచ్చారు. పిల్లలకు మాత్రం జరిమానా లేదు. పైగా హెల్మెట్ బరువుకు పిల్లల మెడ దెబ్బతింటుందనే పుకారు ఒకటి లేచింది. చివరికి 2010లో పిల్లలకు హెల్మెట్ పెట్టని పెద్దలకు జరిమానా వేసే నిబంధన తెచ్చారు. దానితో పాటు బడుల్లో పిల్లల సైజు హెల్మెట్లు పంచారు. మన దగ్గర సెక్షన్ ఉంది గానీ బడి దగ్గర హెల్మెట్ పంచే ఏర్పాటు లేదు.

అవసరం ఉందని పదమూడేళ్లవాడికి బండి ఇవ్వడాన్ని సమర్థించలేం. మావాడు అప్పుడే బండి నేర్చాడని మీసం దువ్వే తండ్రులూ లేకపోలేదు, వాళ్లకు జరిమానా పడాల్సిందే. ఆ ఇంటికి వేరే దారి చూపకుండా జరిమానా ఒక్కటే చూపితే మాత్రం పిల్లలు పోలీసులుండే రోడ్డు మానేసి పొలంగట్ల దారి పడతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో సైకిళ్లు ఆడపిల్లలతో పాటు మగపిల్లలకూ ఇవ్వాలి. పాత బండి పేరు మార్పిడి సమయంలో పిల్లల సైజుతో కలిపి రెండు ఐఎస్‌ఐ హెల్మెట్లు చూపించాలనే షరతు పెట్టాలి. అన్నిటికన్నా ముందు ఆర్టీసీ డిపో మేనేజరు, మండల విద్యాధికారి, స్టేషన్ ఎస్సై ఒకచోట కూర్చుని, ఏ ఊరి పిల్లలు ఏ హైస్కూలుకు బండ్ల మీద వస్తున్నారో రాసుకుని, ఆ ఊళ్లకు బడి గంటకు బస్సు వేయాలి. ఆ జాబితా కోసం సర్వేలు అక్కర్లేదు. ఏ హెడ్మాస్టరును అడిగినా ఒక్క పూటలో రాసిస్తారు.