చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా

మొన్న శనివారం మా గరాజ్‌లో ఒక మాట విన్నాను. అప్పటికి నా చేతిలో రబ్బరు సుత్తి ఉంది. దాన్ని ఇంజను మీద వాడాలా, ఆ మాటన్న పెద్దమనిషి మీద వాడాలా అని ఒక్క క్షణం సందేహం కలిగింది. స్నేహితుడు కాబట్టి బతికిపోయాడు. ఆ కోపం ఇక్కడ వెళ్ళగక్కుతున్నాను, భరించండి.

సంగతేంటంటే, నేను ఒక పాత మోటార్ సైకిల్ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఇక్కడ ఒహాయోలో చలికాలం బండి నడపడం ఎలాగూ కుదరదు, విప్పదీసి చూసుకోవడానికి అదే అదను. మావాడు పదకొండేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. మోచేతుల దాకా మసి పూసుకున్న నన్ను చూపించి కొడుకుతో అన్నాడు: "చూశావా? సరిగ్గా చదవకపోతే నీ గతీ ఇంతే."

జోకే లెండి. వాడూ నేనూ ఒకే యూనివర్సిటీలో, ఒకే ఏడు, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశాం. ఇద్దరం కన్సల్టెంట్లమే. కాబట్టి ఆ మాట నాకు తగలదు. తగలాల్సినవాడు అక్కడ లేడు. నా కోపం అందుకే.

నేను పెరిగింది విజయవాడ పటమటలో, ఆటోనగర్ పక్కనే. మా నాన్నగారికి బజాజ్ చేతక్ ఉండేది. దాన్ని ఓ పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి, పది కిక్కులు కొట్టినా స్టార్టవకపోతే ఇద్దరం నెట్టుకుంటూ షెడ్డుకి వెళ్ళేవాళ్ళం. అక్కడి మెకానిక్ స్కూటర్ని చూసేవాడు కాదు, వినేవాడు. ఒక్క కిక్కు కొట్టి, తల వంచి విని, సరిగ్గా ఏది విప్పాలో అదే విప్పేవాడు. పది నిమిషాల్లో స్కూటరు కదిలేది. దాని మీద ఇంటికొస్తూ నాన్నగారు వెనక్కి తిరిగి అనేవారు: "ఈసారి లెక్కల్లో మార్కులు తగ్గితే నిన్ను తీసుకెళ్ళి ఆ షెడ్డులో పడేస్తా." మమ్మల్ని ఇంటికి చేరుస్తున్నది ఆ షెడ్డే అన్న సంగతి ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ బెదిరింపు బాగానే పనిచేసింది. నాకు మార్కులొచ్చాయి, ఉద్యోగం వచ్చింది, అమెరికా వచ్చింది. రానిదేమిటో ఈ బండి చెప్పింది.

బండి 1975 నాటి హోండా సీబీ550. నాలుగు సిలిండర్లది. దీనికి ఆయిలు దాచుకోవడానికి వేరే ట్యాంకు లేదు. ఇంజను అడుగున పళ్ళెం లాంటి అల్యూమినియం మూత ఉంటుంది, ఆయిలంతా అందులోనే. ఇక్కడ దాన్ని ఆయిల్ పాన్ అంటారు, మన షెడ్డుల్లో చాంబరంటారు. క్రాంకుకీ, గేర్లకీ, క్లచ్చుకీ అదే ఆయిలు. పాన్‌లోంచి ఆయిలుని పంపు పీల్చేచోట ఒక జల్లెడ ఉంటుంది. నేను ఆయిలు దించితే అందులో నీలం రంగు సిలికాన్ ముక్కలు కనిపించాయి. ఎవరో పాత యజమాని కారుతోందని ట్యూబులకి ట్యూబులు పూసేశాడన్నమాట. బయటికి పొంగిన సిలికాన్ మనకి కనిపిస్తుంది. లోపలికి పొంగినది ఊడిపోయి జల్లెడకి అడ్డం పడుతుంది. ఈ ఇంజనులో క్రాంకు తిరిగేది పల్చటి ఆయిలు పొర మీద. జల్లెడ మూసుకుపోతే ఆ పొర పోతుంది, బేరింగులు అరిగిపోతాయి, ఆపైన ఇంజనే పోతుంది. కాబట్టి పాన్ ఊడదీసి జల్లెడ కడగాల్సిందే.

బోల్టులన్నీ తీశాను. అంటే, తీశాననుకున్నాను. పాన్ కదలదు. అంతకుముందు వారం నేనేం చేశానో తెలుసా? పెద్ద స్క్రూడ్రైవరు తెచ్చి, పాన్‌కీ ఇంజనుకీ మధ్య సందులో పెట్టి, సుత్తితో ఒక్కటిచ్చాను. పాన్ కదల్లేదు కానీ అల్యూమినియం అంచు మీద గాటు పడింది. స్క్రూడ్రైవరు ఉక్కు, ఇంజను అల్యూమినియం, ఎవరు గెలుస్తారో ఎనిమిదో తరగతి పిల్లాడు చెప్తాడు. ఆ రెండు అంచులూ నున్నగా కలిస్తేనే ప్యాకింగు ఆయిలుని ఆపుతుంది. గాటు లోపల్నుంచి బయటిదాకా పడి ఉంటే ఇక జీవితాంతం కారడమే. నాది సగందాకా పడి ఆగింది. సన్నటి రాయితో, పైకి లేచిన గరుకు మాత్రం తీసేసి ఊపిరి పీల్చుకున్నాను. మేం రాసే ప్రోగ్రాముల్లో తప్పు జరిగితే నిన్నటి కాపీ వెనక్కి తెచ్చుకుంటాం. లోహానికి నిన్నటి కాపీ ఉండదు.

షెడ్డులో ఏ కుర్రాడైనా ఆ పని చేసి ఉంటే వాడి గురువు వీపు పగలగొట్టేవాడు. మాస్టర్స్ చేసిన నేను చేశాను. మరి ఇక్కడ చదువురానివాడెవరు?

శనివారం మావాడు కూడా అదే సలహా ఇచ్చాడు. "ఒరేయ్, పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి లేపరా, అదే వస్తుంది." నేను సమాధానం చెప్పేలోగా పిల్లాడు అడిగాడు: "అంకుల్, ఇందులో ఒక హోల్ ఎందుకు ఖాళీగా ఉంది?"

వాడు చూస్తున్నది నా అట్టముక్క. పాన్ ఆకారం అట్ట మీద గీసి, బోల్టు ఉండే ప్రతిచోటా కన్నం పెట్టి, ఊడదీసిన బోల్టుని దాని కన్నంలోనే గుచ్చడం ఒక పాత పద్ధతి. ఏ పొడుగుది ఎక్కడిదో తారుమారు కాకుండా. పేరుకి చేశాను కానీ నేను దాన్ని చదవలేదు. వాడు చదివాడు. టార్చి పెట్టి చూస్తే ఆ మూల ఏళ్ళనాటి గ్రీజూ మట్టీ కలిసి రాయిలా గడ్డకట్టి ఉంది. గీకితే దాని కింద పది నంబరు పానా పట్టే బోల్టు తల! దాన్ని బిగించి ఉంచి నేను వారం పాటు పాన్‌తో కుస్తీ పట్టానన్నమాట.

ఆ బోల్టు తీశాక కూడా సిలికాన్ వదల్లేదు. పెట్రోలు ట్యాంకు ముందే విప్పి బయట పెట్టేశాను. గరాజ్ తలుపు బార్లా తీసి, వేడిగాలి కొట్టే గన్నుతో అంచుల చుట్టూ నెమ్మదిగా వేడి చేశాను. తర్వాత రబ్బరు సుత్తితో, లోహం మందంగా ఉన్న మూలల దగ్గర, పక్కనుంచి చిన్న చిన్న దెబ్బలు. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో చప్పుడు మారింది. అప్పటిదాకా గోడని కొట్టినట్టు ఉన్నది, ఖాళీ డబ్బాని కొట్టినట్టు మోగింది. పిల్లాడు, "వదిలింది!" అన్నాడు. వాడు విన్నాడు. పటమట మెకానిక్ ముప్పై ఏళ్ళ క్రితం విన్నట్టు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో బుద్ధితో పనిలేనిది ఏముంది? ఇరుక్కున్న వస్తువు ఊరికే ఇరుక్కోదు, దానికో కారణం ఉంటుంది. కారణం వెతక్కుండా బలం వాడితే వస్తువు పాడవుతుంది. మేం ఆఫీసులో దీన్నే డీబగ్గింగ్ అని పెద్ద పేరు పెట్టి గంటల లెక్కన బిల్లు వేస్తాం. అదే పని షెడ్డులో చేసినవాడిని మాత్రం పిల్లల్ని భయపెట్టడానికి బూచిలా వాడుకుంటాం. కూటి కోసం కోటి విద్యలన్న జాతి మనది. అందులో ఒక్క విద్యని అట్టేపెట్టుకుని మిగతావాటిని శిక్షల జాబితాలో వేశాం. దసరాకి పానాలకి బొట్టు పెట్టి ఆయుధ పూజ చేస్తాం, మర్నాటి నుంచి ఆ పానా పట్టిన చేతిని చూసి ముక్కు మూసుకుంటాం.

మీరనబోయేది నాకు తెలుసు. "జీతం వస్తుంటే వారాంతం సరదాకి మసి పూసుకుని ఉపన్యాసాలు చెప్పడం తేలికే." నిజమే. నా బండి స్టార్టవకపోయినా మా ఇంట్లో అన్నం ఉడుకుతుంది. ఆ షెడ్డులో మాకు పానాలందించిన కుర్రాడికి నా వయసే ఉండేది. బడిలో ఉండాల్సినవాడు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని, ఇంటివాళ్ళ పనిలాంటి కొన్ని మినహాయింపులతో, చట్టాన్ని సవరించింది 2016లో. వాడికది అందలేదు. వాడి దరిద్రాన్ని నేను గొప్పగా వర్ణించబోవడం లేదు. నేను అడిగేది ఒక్కటే. ఆ బెదిరింపులో మనం భయపెట్టేది దరిద్రాన్ని చూపించి, కానీ నింద వేసేది పని మీద. తక్కువ కూలీ ఇస్తున్నది మనం, నామోషీ మాత్రం వాడిదా?

ఇంకొకరంటారు, "నీ గంట రేటెంత, ఈ పని ఖర్చెంత, లెక్క వేసుకో" అని. వేశాను. నష్టమే. కానీ ఆ లెక్కలో నేను ముప్పై ఏళ్ళు ఏ వస్తువునీ లోపలినుంచి చూడకుండా బతికిన నష్టం ఎక్కడ వేయాలో చెప్పండి.

పాన్ వచ్చేసింది. జల్లెడ సగం పైగా నీలం ముక్కలతో మూసుకుపోయి ఉంది, ఆ బండిని అలాగే నడిపి ఉంటే ఏమయ్యేదో తలచుకోకపోవడమే మంచిది. అంచుల్ని ప్లాస్టిక్ గీకుడుబద్దతో శుభ్రం చేస్తున్నాను. గరుకు డిస్కులు వాడితే ఆ రజను బేరింగుల్లోకి పోతుంది. వచ్చే వారం కొత్త ప్యాకింగు వస్తుంది. ఆరు మిల్లీమీటర్ల బోల్టులు, అవతల అల్యూమినియం మర. సుమారు 10 న్యూటన్ మీటర్లకి మించి బిగిస్తే మర తెగుతుంది. ఇక్కడా బలం కాదు కావాల్సింది.

బిగించే రోజు తనూ వస్తానని పిల్లాడు అడిగాడు. మావాడు తల అడ్డంగా ఊపాడు. శనివారం పొద్దున వాడికి లెక్కల క్లాసు ఉందట. నేను బిగింపుని మధ్యాహ్నానికి మార్చాను. చూద్దాం, ఇంకే వంక చెప్తాడో.